ఎర్రగా ఉంటే మంచిదే

నాకు నోరెక్కువని మా ఆసుపత్రిలో పేరుంది. బందరులో పదిహేడేళ్లుగా కట్లు కట్టే గదిలోనే నర్సుగా పనిచేస్తున్నాను. పుండ్ల సంగతి నాకొకరు చెప్పాలా అన్న గీర కూడా ఉండేది. ఎండుచేపలు అమ్మే ఒకావిడ వల్ల ఆ గీర దిగింది.

ఆవిడది దివిసీమలో సముద్రపు ఒడ్డున ఒక ఊరు. యాభై దాటిన మనిషి. ఇసుకలో చేపలు ఆరబోస్తుంటే ఎడమకాలి బొటనవేలి కింద ముల్లు దిగింది. షుగర్ వల్ల పాదానికి స్పర్శ పోయింది కాబట్టి, వాసన వచ్చేదాకా ఆవిడకు తెలియనే లేదు. సర్జన్ గారు కుళ్లిన భాగం తీసేశారు. వారం తిరిగేసరికి పుండు అడుగున ఎర్రగా, తడితడిగా, సన్నటి గింజల్లా కొత్త కండ వచ్చింది. దాన్ని మేము గ్రాన్యులేషన్ అంటాం. అది కనిపిస్తే పుండు మానే దారిలో పడినట్టే. సర్జన్ గారు తొంగిచూసి "హెల్దీ గ్రాన్యులేషన్" అన్నారు. నేను కేస్ షీట్‌లో అదే రాసుకుని, "బాగుందమ్మా, రెండు రోజులాగి రా" అని పంపించేశాను. బయట ఇంకా చాలామంది కూర్చుని ఉన్నారు.

రెండు రోజులకు ఆవిడ రాలేదు. ఆరో రోజున వచ్చింది, మొహం వెలిగిపోతూ. కాలికి కట్టు లేదు. పుండు మీద నల్లటి పక్కు, చెప్పు తోలులా గట్టిగా.

"చూడండి సిస్టరమ్మా, శుభ్రంగా ఆరిపోయింది."

"ఏం రాశావు దీనికి?"

"ఉప్పండీ. ఉప్పు రాసి నాలుగు రోజులు ఎండలో పెట్టుకు కూర్చున్నా."

"మంట పుట్టలేదా?"

"ఆ కాలికేం తెలుస్తదండీ!"

నా తిట్లు వరండా చివరిదాకా వినిపించాయట. బుద్ధుందా అన్నాను, కాలు పోగొట్టుకుంటావా అన్నాను. తిడుతూనే పక్కు అంచు పైకెత్తాను. కిందంతా చీము. వేలు అప్పటికే నల్లబడుతోంది. సర్జన్ గారు చూసి, వేలు తీయక తప్పదని, ఇంకా ఆలస్యమైతే పాదమే పోతుందని చెప్పారు.

ఆవిడ ఏడవలేదు. కాలి వంకే చూస్తూ మెల్లగా అంది.

"ఎర్రగా, పచ్చిగా ఉంటే భయమేసిందండీ. తడుంటే కుళ్లిపోదా? చేపలో తడి మిగిలితే పురుగు పడుద్ది. ఉప్పేసి ఎండబెడితే ఏడాదైనా ఉంటది. బుద్ధెరిగిన కాణ్ణుంచి అదేగా చేస్తన్నా."

ఆవిడ తెలివితక్కువ పనేమీ చేయలేదు. తన చేతికి బాగా తెలిసిన పనే చేసింది. పుండు గురించి తెలిసిన నేనేమో ఒక్క ముక్క చెప్పకుండా, ఆవిడ చదవలేని కాగితం మీద రాసుకున్నాను. సిగ్గేసింది.

"చేప చచ్చిపోయిందమ్మా. మీ కాలు బతికుంది. బతికున్న కండ తడిగానే ఉంటుంది" అన్నాను.

వేలు తీసేశారు. పాదం దక్కింది. ఆ తర్వాత కట్టు విప్పిన ప్రతిసారీ చిన్న అద్దం పట్టి చూపించేదాన్ని. పసుపుపచ్చగా పేరుకున్నది చచ్చిన కండ, దాన్ని స్లఫ్ అంటాం, శుభ్రం చేస్తే పోతుంది. ఎర్రటిది కొత్త కండ. అంచుల నుంచి లేతగా పాకుతున్నది చర్మం. ఆవిడ ఎంత చురుకంటే, మూడో వారానికల్లా నాకంటే ముందే అద్దంలో చూసి, "ఇయ్యాళ పసుపు తగ్గిందండీ, ఎరుపెక్కింది" అనేది. నాకు భలే ముచ్చటేసేది.

ఇక కట్టు అక్కర్లేదన్న రోజున బల్ల మీద కూర్చుని అడిగింది.

"ఇదంతా ఆ మొదట్లోనే చెప్పుంటే నా వేలుండేదా అమ్మా?"

గొంతులో నిష్ఠూరం లేదు. తెలుసుకుందామనే అడిగింది. షుగర్ మీదికో, ముల్లు మీదికో నెట్టేయడం నాకు చిటికెలో పని. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా.

"ఉండేదమ్మా" అన్నాను.

ఆవిడ నా భుజం ఆసరా చేసుకుని మెల్లగా బల్ల దిగింది.