ఇబ్బందేం లేదు

స్కిప్టన్ అనే చిన్న ఇంగ్లిషు ఊళ్లో ఏ పిల్ల వయొలిన్ పరీక్షకు వెళ్లినా పక్కన పియానో వాయించేది ఎనిడ్ క్రాబ్‌ట్రీయే. ఒకటో గ్రేడు నుంచి ఎనిమిదో గ్రేడు దాకా ప్రతి పాటకూ పక్కవాద్యం ఆవిడకు కంఠతా వచ్చు. మార్కులు మాత్రం పిల్లలవి. పాటలు అయిపోగానే పరీక్షాధికారి తలూపుతాడు, ఆవిడ లేచి బయటికి వచ్చెయ్యాలి. దానికి ఆవిడ ఎన్నడూ నొచ్చుకోలేదు. పరీక్షలుంటే ఇంటికి మనుషులొస్తారు, ఆవిడకు కావలసిందీ అదే.

పెళ్లి చేసుకోలేదు. అన్న పోయాక ఇంట్లో మాట్లాడేది రేడియో ఒక్కటే. అది మాట్లాడుతుంది గానీ, మనం చెప్పేది వినదు కదా! పరీక్షల ముందు మాత్రం ఇల్లు కళకళలాడేది. పిల్లలొచ్చి సాధన చేసేవాళ్లు, అల్లం కేకు తిని పోయేవాళ్లు. "మీకు ఇబ్బంది" అని తల్లిదండ్రులు నసిగితే "ఇబ్బందేం లేదు" అనేది. ఆ ఊళ్లో అందరూ మాటవరసకు అనే మాటే. ఆవిడ మాత్రం మనసారా అనేది.

పిల్లలు ఒక్కొక్కరే మానేసి, ఈ ఏడాదికి మిగిలింది ఒక్క జిలియన్, బస్సు డ్రైవరు కీత్ డగ్డేల్ కూతురు. నాలుగో గ్రేడు పరీక్షకు ముందు భయంతో చర్చి హాలు వెనక వాంతి చేసుకుంది. అయినా ప్యాసయింది. ఆ కబురు చెప్పడానికి వచ్చిన కీత్, పిల్లను పియానో గదిలో వదిలి వంటింట్లోకి వచ్చాడు.

"ఉన్నమాట చెప్పండి మిస్ క్రాబ్‌ట్రీ. వాళ్లమ్మ ఐదో గ్రేడుకు కూడా పంపాల్సిందే అంటోంది. పేరు ఇచ్చెయ్యమంటారా?"

ఇమ్మంటే జిలియన్ మళ్లీ వస్తుంది. వద్దంటే ఈ గుమ్మం ఎక్కేవాళ్లుండరు. 'ఇచ్చెయ్' అన్న మాట ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది. అవతల గదిలో జిలియన్ కాలితో తాళం వేస్తూ ఏదో గంతుల పాట వాయించుకుంటోంది. పరీక్ష గదిలో అదే పిల్ల బిక్కచచ్చిపోవడం పక్కనుండి చూసింది ఆవిడే.

"వద్దు కీత్. పరీక్షంటే సరదాపడే పిల్లలుంటారు, వాళ్లని పంపాలి. దీనికది పడదు. ఇంకోసారి పంపావంటే వయొలిన్ అటకెక్కుతుంది."

"బతికించారు! ఏయ్ జిల్, పరీక్ష లేదంట!"

జిలియన్ పరుగెత్తుకొచ్చి ఆవిడ నడుము చుట్టేసింది. "అయితే మిస్, ఊరికే వాయించుకోడానికి రావచ్చా?"

"ఛ, ఊరకూరికే ఆవిణ్ణి ఇబ్బంది పెడతామా? ఇన్నాళ్లు పెట్టింది చాలు" అన్నాడు కీత్ మర్యాదగా.

పెట్టండి, రోజూ వచ్చి పెట్టండి అనాలని ఆవిడ ప్రాణం కొట్టుకుంది. కానీ అడుక్కున్నట్టుంటుందేమోనని సిగ్గేసింది. చిన్నగా నవ్వి, మిగిలిన కేకు కాగితంలో చుట్టి పిల్ల చేతిలో పెట్టింది.

గేటు దగ్గర జిలియన్ వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. వాళ్లు వీధి మలుపు తిరిగేదాకా ఆవిడ గుమ్మంలోనే నిలబడింది.

"ఇబ్బందేం లేదమ్మా" అంది అప్పుడు.