నేను తుడిచేసిన మగ్గం

మా పురావస్తు శాస్త్రానికి ఒక జబ్బుంది. తవ్వకంలో బయటపడ్డది ఎందుకు పనికొచ్చేదో అర్థం కాకపోతే ‘పూజకు సంబంధించినది’ అని పేరు పెట్టేస్తారు. ఇంగ్లండులో డిగ్రీ మొదటి ఏడాది క్లాసులో ఈ మాట మీద పడీపడీ నవ్వేవాళ్ళం. మా ప్రొఫెసర్ కూడా నవ్వేవాడు. ఆ మహానుభావుడే రెండో ఏడాది చలికాలంలో మమ్మల్నందరినీ వెంటేసుకుని మా వరంగల్ వైపు తవ్వకానికి వచ్చి, సరిగ్గా ఆ పనే చేశాడు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. ఆయన మీద ఎంతో, నా మీద అంతకంటే ఎక్కువ.

మాది కాశిబుగ్గ. మా నాన్నను మేం బాపు అని పిలుస్తాం. బాపు జంపఖానాలు నేస్తాడు. మా ముందుగది నేలలో తవ్విన గుంట ఉంటుంది. అంచు మీద కూర్చుని, కాళ్ళు గుంటలోకి దించి, కింది చెక్కలు తొక్కుతూ నేస్తాడు. ఆ గుంట గోడలో అరచేయి పట్టేంత గూడొకటి, నూలు చుట్టిన కండెలు పెట్టుకోవడానికి. చిన్నప్పుడు దాంట్లో చింతగింజలు దాచి తిట్లు తినేదాన్ని. స్కాలర్‌షిప్ మీద ఇంగ్లండు పోయాక మాత్రం, మీ నాన్న ఏం చేస్తారని ఎవరైనా అడిగితే ‘టెక్స్‌టైల్స్’ అనేదాన్ని. అబద్ధం కాదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని. సిగ్గులేని దాన్ని.

తవ్వకం ఏటూరునాగారం పోయే దారిలో, ఒక ఊరి శివారు చేనులో. తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి, కూలికొచ్చిన ఆడవాళ్ళకూ ప్రొఫెసర్‌కూ మధ్య మాటలు మోసే పని కూడా నా నెత్తినే పడింది. ఎప్పటిదో ఒక ఇంటి మట్టినేల బయటపడింది. ఆ నేలలో నలుపలకల గుంట. దాన్ని నాకు అప్పగించారు. నాలుగు రోజులు మోకాళ్ళ మీద కూర్చుని తాపీతో మట్టి గీకాను. అడుగున పక్కపక్కనే రెండు పల్లాలు తేలాయి. ఒక అంచు నున్నగా అరిగి ఉంది. నాలుగో రోజు గోడలో చిన్న గూడు కనబడేసరికి అరచేయి పెట్టి చూశాను, సరిగ్గా పట్టింది. కూలికొచ్చి మట్టి తట్ట ఎత్తుతున్న ఒక పెద్దమ్మ కూడా వంగి చూసింది.

“గిది మగ్గం గుంట గాదా బిడ్డా? మా అవ్వగారింటి పక్కపొంటి గిట్లనే ఉండె” అంది.

మా పద్ధతిలో ఎవరు తవ్వితే వాళ్ళే దాని కాగితం నింపాలి. కొలతలు, మట్టి రంగు, చివర ‘ఇది ఏమిటి’ అనే గడి. చినుకు పడ్డా అక్షరం కారిపోకుండా పెన్సిల్‌తోనే రాయాలి. ఆ గడిలో ఏముంటే రేపు పుస్తకంలోకి ఎక్కేది అదే. గుంట ఎలాగూ మిగలదు, కింది పొర కోసం దాన్ని తవ్విపారేస్తాం. ఆ గడిలో నేను ‘మగ్గం గుంట’ అని రాశాను.

సాయంత్రం ప్రొఫెసర్ వచ్చి గుంట చుట్టూ రెండుసార్లు తిరిగాడు. గూడు దీపం పెట్టే చోటన్నాడు. రెండు పల్లాలూ నైవేద్యం కుండలు పెట్టేందుకట. కాదు, మగ్గం అన్నాను. నవ్వాడు.

“నువ్వు ఇక్కడి అమ్మాయివి. నీకు అన్నీ మీ ఇంట్లో వాటిలాగే కనిపిస్తాయి. ఈ చదువులో అది ప్రమాదం” అన్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. వాళ్ళ ఊళ్ళో పాత చర్చి తవ్వితే ఆయనకు అది చర్చిలా కనిపించడం పాండిత్యం, నాకు మగ్గం మగ్గంలా కనిపిస్తే ప్రమాదమా? ఇదంతా మనసులోనే. పైకి మాత్రం “మా నాన్న నేతపని చేస్తాడు” అన్నాను. ఇంగ్లండు పోయాక ఆ మాట అనడం అదే మొదటిసారి. అయితే తీసుకురా అన్నాడు, తమాషా చూద్దామన్నట్టు.

మర్నాడు బాపు పెళ్ళిళ్ళకు వేసుకునే తెల్లచొక్కా తొడుక్కుని, హన్మకొండలో బస్సెక్కి వచ్చాడు. చెప్పులు గట్టు మీదే విడిచాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. అరిగిన అంచు మీద ఎడమచేయి ఆనించి, ఒక్క ఊపున కాళ్ళు దించి కూర్చున్నాడు. పాదాలు రెండూ పోయి ఆ రెండు పల్లాల మీదే నిలిచాయి.

“తొక్కంగ తొక్కంగ చెక్కల కింద నేల గిట్ల దిగవడ్డది. కుడిదిక్కు లోతెక్కువున్నది సూడు. గీయనకు ఎడమకాలు జర బాగలేకుండె గావచ్చు” అన్నాడు. చూడకుండానే చేయి చాపితే గూడు అందింది. “కండెలు చేతికందేటట్టే పెట్టుకున్నడు. మంచి పనోడు బిడ్డా.”

ఒక్క ముక్క వదలకుండా ఇంగ్లీషులో చెప్పాను. ప్రొఫెసర్ తలూపి, బాపు చేయి పట్టుకుని ఊపి, ఫోటో దిగాడు.

“ఆయనేమంటాండు బిడ్డా? బుక్కుల నా పేరేస్తరట్నా?”

అడిగాను. తప్పకుండా అన్నాడు ప్రొఫెసర్. బాపు ఇంటికి చేరేలోపే మా గల్లీ అంతటికీ ఆ సంగతి తెలిసిపోయింది.

మరుసటి రోజు పొద్దున నన్నొక్కదాన్నే టెంటులోకి పిలిచాడు ప్రొఫెసర్. మీ నాన్న చాలా చక్కగా చెప్పారు, కానీ అది సాక్ష్యం కాదు, ఆ గడిలో ‘పూజ గుంట’ అని మార్చు అన్నాడు. వచ్చే ఏడాది నీ స్కాలర్‌షిప్‌కు ఉత్తరం రాయాల్సింది నేనే కదా, సొంత ఇంటిని పక్కనపెట్టి ఆలోచించగలదని రాయాలనుంది అని కూడా అన్నాడు, ఎంత తియ్యగా అన్నాడో! రబ్బరు కూడా ఆయనే అందించాడు. ఆ కాగితం విసిరి ఆయన మొహాన కొట్టాల్సింది. గంగిరెద్దులా తలూపి తుడిచాను. రబ్బరు పొట్టు ఊదేసింది కూడా నేనే. మధ్యాహ్నానికి గుంట తవ్వేశాం. ఆ గూడు నా తాపీ కిందే పోయింది.

పోయిన నెల పుస్తకం అచ్చయింది. సెలవులకు ఇంటికి పట్టుకొచ్చాను. బాపు చేతులు కడుక్కుని, తుండుతో తుడుచుకుని మరీ అందుకున్నాడు. గుంట ఫోటో దగ్గర ఆగాడు.

“గిదే, గిదే! నా పేరేడున్నది?”

“లేదు బాపూ.” ఆఖరి పేజీలో ‘స్థానికులకు కృతజ్ఞతలు’ అని ఉంది. తవ్వినవాళ్ళ జాబితాలో నా పేరు మాత్రం నిక్షేపంగా ఉంది.

“పోనియ్ తియ్. నా పేరుదేమున్నది. ఆడ కూసున్నాయన నేతపనోడని రాసిన్రు గద?”

అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు రాలేదు.

“రాయలే. పూజ గుంట అని రాసిన్రు. నేను మగ్గమనే పెన్సిల్‌తోని రాసిన బాపూ. మల్ల నేనే తుడిచిన.”

“ఎందుకు?”

“స్కాలర్‌షిప్ పోతదని భయమైంది.”

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. పుస్తకం మూసి నా ఒళ్ళో పెట్టాడు.

“గన్నేండ్లు మన్నుల ఉన్నోడు నీ చేతికి దొరికిండు. దొరికినోన్ని నువ్వే పూడ్చినవానే?”

బాపు లేచి, అంచు మీద ఎడమచేయి ఆనించి గుంటలోకి దిగాడు. గూట్లోంచి కండె తీసి, పడుగులో అటూ ఇటూ ఆడించే నాడెలో పెట్టుకున్నాడు. నా వంక చూడకుండానే అన్నాడు.

“తుడిచిందానివి నువ్వే గద. మల్ల రాయి. గీసారి పెన్నుతోని రాయి.”