ఎవరైనా నడవగల దారి

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. అమీర్‌పేటలో మూడు కోర్సులు చేసి, మూడింటికీ ఉద్యోగం రాక, పంజాగుట్టలో ఓ చిన్న టూర్ల ఆఫీసులో చేరిన ఇరవై మూడేళ్ళ అమ్మాయికి తెలియనిదేముంటుంది? కరపత్రాలు రాయడం నా పని. అప్పటికి నేను చేసిన అతి పెద్ద పాదయాత్ర ఎస్.ఆర్. నగర్ హాస్టల్ నుంచి ఆఫీసు దాకా (అదీ సగం దూరం షేర్ ఆటోలో). రాజస్థాన్ ఎడారి నడకకు రెండు దారులుండేవి. ఒకటి ఊరి బావుల పక్కనుంచి పోయే పొట్టి దారి, రెండోది ఇసుక తిన్నెల మీదుగా పన్నెండు కిలోమీటర్లు. రెండోదాని ఫొటోలు బాగున్నాయి, కరపత్రంలోకి అదే ఎక్కింది. "జర మంచిగ రాయమ్మా. ఇసుకల నడుసుడేంది, పార్కుల నడిసినట్టే" అన్నాడు మా ఓనర్ సార్. ఆయనా ఎడారి ముఖం చూసినవాడు కాదు. నేను ఆయన మాటకి మెరుగు పెట్టి, "చిన్నా పెద్దా ఎవరైనా హాయిగా నడవగల దారి" అని రాసి, నాలో నేనే మురిసిపోయాను.

ఆ వాక్యాన్ని నమ్మినవాళ్ళలో అమీర్‌పేటలో ఉండే రిటైర్డ్ లెక్కల మాస్టారొకరు. ఆఫీసుకొచ్చి, "మనిషికి ఎన్ని లీటర్ల నీళ్ళు? దారిలో నీడ ఉంటుందా? నాకు అరవై ఆరేళ్ళమ్మాయ్, నిజం చెప్పు" అన్నారు. "మీకేం పర్లేదండీ, మంచి ఫిట్‌గా ఉన్నారు" అన్నాను (అమీర్‌పేటలో నేను చేయని కోర్సు డాక్టరీ ఒక్కటే). వెంట వెళ్ళడానికి మనుషులు చాలక సార్ నన్నే పంపాడు.

మార్చి నెల, ఎనిమిది మంది. మా వెంట రావడానికి కుదిర్చిన ఆ ఊరి తలపాగా పెద్దాయన హిందీలో నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. తెల్లారకముందే బయల్దేరాలట, బావుల దారినే పోవాలట, ఈ ఎండకి తిన్నెల వైపు తాము మేకల్ని కూడా తోలరట. నేను కరపత్రం చూపించాను. (తెలుగులో ఉంది. తిరగేసి చూసి, నా చేతిలోనే పెట్టేశాడు.) టిఫిన్లూ సెల్ఫీలూ అయ్యేసరికి తొమ్మిదైంది. ఒక్కొక్కరికీ లీటరు సీసా ఇచ్చి, తిన్నెల దారినే నడిపించాను.

పదకొండుకల్లా సీసాలన్నీ ఖాళీ. అడుగేస్తే చీలమండ దాకా ఇసుక మింగేస్తోంది. అందరికన్నా ముందు పడిపోయిందెవరో తెలుసా? దారి చూపాల్సిన నేనే. కళ్ళు తెరిచేసరికి మాస్టారు నాకు గొడుగు పట్టి, సొంతంగా తెచ్చుకున్న ఆఖరి సీసా నా నోట్లో కొంచెం కొంచెంగా పోస్తున్నారు. "ఇంక ముందుకొద్దు. అందరూ వెనక్కి పదండి" అన్నారు. పెద్దాయన ఊళ్ళోకి పరిగెత్తి ఒంటెను తెచ్చాడు. దాని మీద నన్ను సిమెంటు బస్తాలా అడ్డంగా వేశారు. మాస్టారు నడిచే వచ్చారు. ఊరు చేరాక అరుగు మీద కూర్చోబోయి కుప్పకూలిపోయారు. ఆస్పత్రిలో రెండు రోజులు ఆయనకు సెలైన్ ఎక్కుతుంటే, పక్కన కూర్చుని చుక్కలు లెక్కపెట్టాను.

"అందరు వాపసొచ్చిండ్రు గద, ఇంకేం ఫికర్?" అన్నాడు సార్. కొత్త కరపత్రంలో ఒంటె మీద నా ఫొటో కూడా వేయించాడు (ముఖం కనబడదు, అదొక్కటే అదృష్టం). పదిహేను రోజులకు మాస్టారు గోడ పట్టుకుని ఆఫీసు మెట్లెక్కి వచ్చారు. తిట్టలేదు. "ఆ ఒక్క వాక్యం తీసేయండి, చాలు" అన్నారు. సార్ బుద్ధిగా తలూపి, ఆయన వెళ్ళగానే, "ఉండనియ్, పెద్దమనిషి, మర్చిపోతడు" అన్నాడు. కంప్యూటర్ నా ముందే ఉంది. నిమిషం పని. ఉద్యోగం పోతుందని చెయ్యలేదు. ఎలాగూ రెండు నెలలకే, నా రాతలో పంచ్ లేదని సార్ పీకేశాడు.

మొన్నీమధ్య అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో మాస్టారు ఎదురయ్యారు. చేతికర్ర వచ్చింది. తప్పుకుందామనుకునేలోపే గుర్తుపట్టారు.

"ఇప్పుడేం రాస్తున్నావమ్మాయ్?"

"ఏమీ రాయట్లేదండీ."

"మంచిది" అని, లిఫ్ట్ వైపు వెళ్ళిపోయారు.

ఆ జనంలో నిలబడి నవ్వాను. ఆయన మీద కాదు, అన్నీ తెలిసిన ఆ ఇరవై మూడేళ్ళ పిల్ల మీద.