రెండు బండ్ల ఇంజను

బత్తలపల్లెలో ధర్మవరం రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డులో యేసన్న ఒంటరిగా ఉండేవాడు. యుద్ధకాలంలో మిలిటరీ లారీలు బాగుచేసే పని నేర్చుకుని, యుద్ధం ముగిశాక వచ్చి అక్కడ మెకానిక్కుగా స్థిరపడ్డాడు. పెళ్ళి చేసుకోలేదు. బండి ఆగిపోయినవాళ్ళు వచ్చి ఆప్యాయంగా మాట్లాడేవాళ్ళు. బండి కదిలితే ఆ మాటలూ దాంతోనే పోయేవి. ఆదివారం ప్రార్థనలో వెనక వరసన కూర్చుని, చివరి పాట ముగియకముందే లేచి వచ్చేసేవాడు.

తనవాళ్ళు అనడానికి అక్క రామక్క ఒక్కతే. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆమే. చిలమత్తూరు దగ్గరి పల్లెలో తిప్పయ్య అనే సేద్యగాడికి ఆమెను ఇచ్చారు. ఏటా చెనిక్కాయల మూట పట్టుకుని బస్సులో తమ్ముణ్ణి చూడటానికి వచ్చేది. యేసన్న మాత్రం ఆ ఊరికి వెళ్ళేవాడు కాదు. ఎప్పుడో ఒకసారి వెళితే, నలుగురిలో తిప్పయ్య నవ్వుతూ అన్నాడు: "మా బామ్మర్ది ఊరోళ్ళ కార్లన్నీ బాగుచేస్తాడు. ఆయప్పకు మాత్రం సైకిలన్నా లేదు."

ఆ మాట యేసన్నకు గుచ్చుకుపోయింది.

"ఈసారి వస్తే నా కారులోనే వస్తానక్కా" అనేవాడు.

"నువ్వొస్తే సాలురా. కారెందుకు నాకు?" అనేది రామక్క.

1958లో ఆమెకు మోకాళ్ళు పట్టేసి రావడం మానేసింది. ఆ ఏడే యేసన్న పాత ఇనుప సామాన్ల వేలంలో చక్రాలు లేని కారొకటి కొన్నాడు. దానికి చక్రాలు వేసి, ఇంజను కూర్చడానికి ఆరేళ్ళు పట్టింది. సిలిండర్లుండే కింది బ్లాకు ఒక బండిది, దాన్ని మూసే హెడ్డు ఇంకో బండిది. బ్లాకు అరిగి ఉంటే అనంతపురంలో లేతు మిషను మీద సిలిండర్లు వెడల్పు చేయించాడు.

1964 ఎండాకాలంలో తిప్పయ్య నుంచి కార్డు వచ్చింది. "మీ అక్కకు బాగలేదు. నిన్ను కలవరిస్తాండాది. వెంటనే రావాల."

అప్పటికి ఇంజనులో మిగిలిన పని ఒకటే. హెడ్డుకూ బ్లాకుకూ నడుమ గాస్కెట్టు వేయాలి. చూడటానికి పలుచని రేకే. కానీ సిలిండర్లలోని మంటనూ వాటి చుట్టూ తిరిగే నీళ్ళనూ కలవకుండా ఆపేది అదే. యేసన్న దగ్గర రెండున్నాయి. బ్లాకు తాలూకు బండి గాస్కెట్టుకు నీటి రంధ్రాలన్నీ సరిపోయాయి, కానీ వెడల్పు చేసిన సిలిండరులోకి దాని అంచు పొడుచుకొచ్చింది. అలా వేస్తే ఆ అంచు ఎర్రగా కాలి ఇంజనును తినేస్తుంది. రెండోది సిలిండర్లకు చక్కగా కుదిరింది, కానీ వెనకవైపు రెండు నీటి రంధ్రాలను మూసేసింది. ముందువైపు రంధ్రాలు చాలులే అనుకున్నాడు. ఇంకెవరి ఇంజనైనా అయ్యుంటే అలా అనుకునేవాడు కాదు.

అక్క ఊరి దారిన పోయే హిందూపురం బస్సు షెడ్డు ముందు నుంచే వెళ్ళింది. యేసన్న తల ఎత్తకుండా బోల్టులు బిగిస్తూనే ఉన్నాడు.

బిగించడం కాగానే కారులో బయలుదేరాడు. పెనుకొండ దాటాక ఎత్తులో ఇంజను కాగిపోయింది. రేడియేటరు నుంచి ఆవిరి చిమ్మింది. వాగులన్నీ ఎండిపోయి ఉన్నాయి. దారిన పోతున్న బయమ్మ అనే ముసలామె తన కడవలోని నీళ్ళు సగం పోసింది.

"మూడు మైళ్ళు నడిసి తెచ్చిన నీళ్ళప్పా ఇవి. మనిషికే దిక్కు లేదు, బండికి యాడ తెచ్చేది?"

ఆ నీళ్ళూ ఆవిరయ్యాయి. ఇంజను దడదడలాడి ఆగిపోయింది. మర్నాడు మధ్యాహ్నం చెనిక్కాయల లారీలో యేసన్న ఆ పల్లె చేరేసరికి రామక్కను మట్టి చేసి వచ్చినవాళ్ళు కాళ్ళు కడుక్కుంటున్నారు.

కారును ఎద్దులతో లాగించుకుని తెచ్చి, యేసన్న హెడ్డు విప్పాడు. వెనక రెండు సిలిండర్ల నడుమ గాస్కెట్టు నల్లగా కాలి తెగిపోయి ఉంది. మూతపడిన రంధ్రాల దగ్గరే. చాలాసేపు దాన్ని చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత చాన్నాళ్ళు కారు మీద గోనెపట్టా తీయలేదు.

పై ఏడు వేసవిలో ఒకరోజు మసీ నూనే కలిపి బ్లాకు మొహానికి పూసి, దాని మీద కాగితం అద్దాడు. ప్రతి రంధ్రం అచ్చు పడింది. హెడ్డుకూ అలాగే తీశాడు. ఆ రెండు కాగితాలూ చుట్టుకుని బెంగళూరు వెళ్ళి, పాత సామాన్ల అంగళ్ళలో దొరికిన ప్రతి గాస్కెట్టునూ వాటి మీద పెట్టి చూశాడు. మూడో రోజు ఏదో చిన్న లారీది ఒకటి దొరికింది. సిలిండర్లూ నీటి రంధ్రాలూ అన్నీ కుదిరాయి. మందమూ సరిపోయింది. ఒక్క బోల్టు రంధ్రం మాత్రం ఆకురాయితో కాస్త రాయాల్సి వచ్చింది.

ఈసారి కారు పెనుకొండ ఎత్తులన్నీ చల్లగా ఎక్కింది. పల్లెలో తిప్పయ్య ఇంటి ముందు ఆపాడు. తిప్పయ్య బయటికి వచ్చి కారును చూశాడు, బామ్మర్దిని చూశాడు.

"నువ్వే కట్టినావా?"

"ఊఁ. నువ్వు ఆ పొద్దు సైకిలన్నా లేదంటివే బావా, అందుకే."

"నేనా? ఎప్పుడంటిని?" తిప్పయ్యకు నిజంగానే గుర్తు లేదు. కారు మీద చెయ్యేసి అన్నాడు: "బస్సులో వచ్చింటే సరిపోతుండె కదప్పా. ఆయమ్మ వాకిలి దిక్కే సూస్తా పోయింది."

యేసన్న స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చాడు. తిప్పయ్య వారించలేదు, అక్కడే అరుగు మీద కూర్చున్నాడు. పొద్దు వాలినాక ఇద్దరికీ సంగటి వండాడు. వండటం అతనికి ఇంకా సరిగా రాలేదు.

"నాలుగు దినాలుండు" అన్నాడు తిప్పయ్య.

"పని ఉండాది బావా" అని మర్నాడే బయలుదేరాడు యేసన్న. పనేమీ లేదు. ఆ ఇంట్లో కూర్చోలేకపోయాడు.

తర్వాత ఆ కారు బత్తలపల్లె చుట్టుపక్కల పురిటి నొప్పులు పడేవాళ్ళను అనంతపురం ఆసుపత్రికి చేర్చేది. ఇంజను మళ్ళీ ఎన్నడూ కాగలేదు. ఆడవాళ్ళు బిడ్డలతో తిరిగొచ్చి దిగేటప్పుడు, "మా ఇంటికి ఒకసారి రాన్నా" అని పిలిచేవాళ్ళు. వస్తానమ్మా అనేవాడు. వాళ్ళు లోపలికి పోయి తలుపు వేసుకునేదాకా చూసి, బండి తిప్పుకునేవాడు.