ఉతకని తివాచీ

ఉమ్ అల్ క్వైన్‌లోని ఆ అరబ్బుల ఇంట్లో తివాచీల పనంతా అచ్చాయమ్మదే. డాబా మీద పరిచి, నైటీ అంచు పైకి దోపి, మోకాళ్ల మీద కూర్చుని ఉన్ని వాలిన వైపే బ్రష్షు లాగుతుంది. మోకాళ్లు కాయలు కాచాయి. ఆ ఇంటి ముసలామె ఒకప్పుడు నమాజు చేసుకున్న ఎర్ర తివాచీకి మాత్రం నీళ్లు తగలనివ్వదు. పొడి బ్రష్షుతో దులిపి మడతపెడుతుంది.

రెండువేల మూడులో ముసలామె పోయింది. శవాన్ని తీసుకెళ్లగానే, తమ గోదావరి జిల్లాలో చావింట చేసినట్టే, ఎవరూ చెప్పకుండానే అచ్చాయమ్మ ఇల్లంతా కడిగింది. ఆ తివాచీనీ సబ్బు పెట్టి ఉతికి ఆరేసింది. సాయంత్రం ముసలామె కూతురు, ఆ ఇంటి మేడమ్, డాబా ఎక్కి తడి తివాచీలో మొహం పెట్టుకుంది. "మా అమ్మ వాసన ఏదీ?" అని అడిగింది, అంతే. తిట్టినా బాగుండుననిపించింది అచ్చాయమ్మకి. ఇప్పుడు దాని మీద మేడమ్ నమాజు చేసుకుంటోంది. మొన్న డ్రైవర్ త్రిమూర్తులు ఉండబట్టలేక అడిగాడు.

"బాగా మాసిపోయింది కదక్కా, ఓసారి ఉతికెయ్యకూడదా?"

అచ్చాయమ్మ దులపడం ఆపలేదు.

"ఇప్పుడిందులో మేడమ్ వాసనుందిరా తమ్ముడూ. ఎప్పుడో ఓనాడు ఆవిడ పిల్లలు ఎతుక్కుంటారు."