ఈరక్క చెయ్యి

మొన్న బెంగుళూరులో మనవరాలు సినిమాకు తీసుకుపోతే, హాలు గుమ్మం దగ్గర ఆడవాళ్ళకని కట్టిన గుడ్డ తెర వెనక్కి నన్ను పిలిచారు. యూనిఫారం వేసుకున్న ఒక పిల్ల చల్లటి అరచేతులతో నా భుజాలూ, పక్కలూ, నడుమూ గబగబా తడిమి, నా ముఖమైనా చూడకుండా "పోండి" అంది. ఆ పిల్లది తప్పని నేననను. వెనక ఎంత వరస ఉందో నేనూ చూశాను. కానీ ఆ చల్లదనం నడుమును తాకగానే హాలూ సినిమా అన్నీ మరపున పడ్డాయి. గాలిలో దూది తేలుతున్న ఆదోని సాయంత్రం ఒకటి కళ్ళ ముందు నిలబడింది. తెర మీద ఏం జరిగిందో చెప్పమని మనవరాలు ఇప్పటికీ అడుగుతూనే ఉంది, నేను తప్పించుకుంటూనే ఉన్నాను.

డెబ్బై ఒకటి నాటి యుద్ధం రోజులవి. హాలహర్వి పక్క పల్లె నుంచి పెళ్ళయి ఆదోనికి వచ్చిన నేను ఒక జిన్నింగు మిల్లులో దూదిలోని ఆకూ పుల్లా ఏరే పనికి చేరాను. అక్కడ దూది లేని చోటు లేదు. కిటికీలోంచి ఎండ పడితే ఆ వెలుగులో అది మెల్లగా దిగుతూ, మళ్ళీ లేస్తూ, ఎక్కడా వాలకుండా ఉండేది. మధ్యాహ్నానికి అందరి కనుబొమలూ తెల్లబడేవి. నిన్నగాక మొన్న పెళ్ళయిన పిల్లలు కూడా ఒకరినొకరు "అవ్వా" అని పిలుచుకుని నవ్వుకునేవాళ్ళు. ఆ వెలుగు చూస్తూ నేను చేతిలో పని మరిచిపోయేదాన్ని. నాకు కలలు కనడానికి నిద్ర అక్కరలేదని మా ఆయన ఎగతాళి చేసేవాడు.

పని వదిలాక ఆడవాళ్ళను సోదా చేసి బయటికి పంపే మనిషి ఈరక్క. కౌతాళం దిక్కుది. తొందరపడేవాళ్ళను "నిల్లు, నిల్లు" అని కన్నడంలోనే ఆపేది. పెద్ద పెద్ద అరచేతులు, రవిక మీద మిల్లువాళ్ళు ఇచ్చిన ఇత్తడి బిళ్ళ. గేటు పక్కన తడిక చాటున నిలబడి, రోజూ ముందు తన చేతులు రెండూ పైకెత్తి, వరసలో మొదటి ఆమెతో "ముందు నన్ను సూడు" అనేది. తనూ మిల్లులో తిరిగే మనిషే కదా అని ఆమె న్యాయం. మొదట్లో నాకు నవ్వొచ్చింది. ఆమెను తడిమే వంతు నాకు వచ్చిన రోజు ఆ నవ్వు కాస్తా పోయింది. ఎదుటి మనిషి ఒంటి మీద చెయ్యి వేయడానికి చేతులు రాలేదు.

"సిగ్గేటికే పిల్లా?" అంది ఈరక్క. "మాట ఏసినాకే సెయ్యి ఏయల్ల. భుజంకాడికి వస్తాండా, నడుంకాడికి వస్తాండా అని సెప్పు. సెప్పకుండా వచ్చేది దొంగసెయ్యి."

అంతమాత్రాన మెతక మనిషి అనుకోవద్దు. ఒకసారి ఒకామె కొప్పులో గుప్పెడు దూది దొరికింది. ఈరక్క దాన్ని తీసి గంపలో వేసి, "అతుక్కున్యాదిలే" అని మాత్రం అంది. తర్వాత సెలవురోజున ఆమె ఇంటికే పోయి, "ఇంగోసారి అతుక్కుంటే జమేదారుకు సెప్తా. నా నోట్లో మన్ను కొట్టొద్దు" అని చెప్పి వచ్చిందట. ఆ సంగతి మాకు చెప్పి ముక్కు చీదింది కూడా ఆ కొప్పామే.

మా ఆయన దూది బేళ్ళు మోస్తూ పడి కాలు విరగ్గొట్టుకున్నప్పటి నుంచీ ఇల్లు నా కూలి మీదే నడిచేది. సరిగ్గా అప్పుడే నేను కడుపుతో ఉన్నానని తెలిసింది. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. కడుపుతో ఉన్నవాళ్ళను ఆ మిల్లులో ఉంచుకునేవాళ్ళు కాదు. తెలిసిన రోజే పని పోయినట్టు. పాత చీర చింపి నడుముకు బిగించుకుని పనికి పోయేదాన్ని. ఈరక్క అడిగితే నడుం నొప్పి అన్నాను. ఆమె నమ్మిందో లేదో, మళ్ళీ అడగలేదు.

ఆ వారం మేలురకం దూది తగ్గుతోందని మిల్లు సావుకారు గేటు కాపలా చూసే జమేదారును బాగా తిట్టాడు. ఆ కోపంతో అతను సాయంత్రం వరసలో ఉన్న నన్ను చూపించి, అందరూ వినేలా అన్నాడు: "దీని నడుం సూడండి, పొద్దుపొద్దుకీ లావైతాంది. సంగటి తిని ఎవరన్నా ఇంత లావైతారా?" వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. దాచుకోవడానికి కట్టుకున్న గుడ్డే నన్ను దొంగను చేసింది.

ఈరక్క నన్ను తడిక చాటుకు తీసుకుపోయింది. "లచ్చిమీ, నడుంకాడ సెయ్యి పెడతాండా" అంది ఎప్పటిలాగే. తలూపాను. ఆమె అరచెయ్యి గుడ్డ మీద ఆని, అక్కడే ఆగింది. అప్పుడు నా లోపల ఏదో కదిలింది. అంతవరకూ ఎన్నడూ కదలలేదు. యంత్రాలు ఆగిపోయాయి, దూది మాత్రం ఇంకా గాలిలోనే ఉంది. ఆ చెయ్యీ, ఆ కదలికా తప్ప లోకంలో మరేమీ లేనట్టు అనిపించింది. ఎంతసేపు అలా ఉన్నామో తెలియదు. ఈరక్క నా ముఖంలోకి చూసింది. చెప్పొద్దని కళ్ళతోనే బతిమాలుకున్నాను.

"ఏముందక్కా?" తడిక అవతల నుంచి జమేదారు అడిగాడు.

"మిల్లుదేమీ ల్యాదప్పా."

"అట్లయితే ఆ నడుంకాడ కట్టిందేందో ఇప్పించు. నేనూ సూస్తా."

"నా సెయ్యి సూసినాక నీ కండ్లు సూసేదేముంది?"

"సావుకారి మాటక్కా. ఇప్పియ్యకుంటే నీ పనే పోతాది."

ఈరక్క బయటికి వచ్చి, రవిక మీది బిళ్ళ తీసి అతని చేతిలో పెట్టింది. "నా మాట సెల్లని గేటు నాకేటికప్పా?" అని నా చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.

మరునాడు భయపడుతూనే పనికి పోయాను. ఈరక్కను అనుమానించాడని ఆడవాళ్ళంతా జమేదారుతో మాట్లాడడం మానేశారు. అతను నా వైపు చూడడమే మానేశాడు. సోదాకు ఇంకో మనిషి దొరికేసరికి పత్తికాలమే అయిపోయింది, అప్పటిదాకా నా నడుం తడిమేవాళ్ళు లేరు. ఆ దూది ఎవరు తీశారో నాకిప్పటికీ తెలియదు. మా ఇంట్లో పొయ్యి మాత్రం ఆరలేదు.

బిడ్డ పుట్టి మెడ నిలిపాక, ఎత్తుకుని ఎమ్మిగనూరు పోయాను. అక్కడ ఈరక్క తన తమ్ముడి ఇంట్లో మగ్గానికి నూలు కండెలు చుడుతోంది. మునుపటి మనిషి కాదు, బాగా చిక్కిపోయింది. నాకు ఏడుపు ఆగలేదు. "నాకోసం పని ఎందుకు పోగొట్టుకున్నావక్కా?" అన్నాను.

ఆమె బిడ్డను ఒళ్ళోకి తీసుకుని అరచెయ్యి వీపు కింద ఆనించింది. తర్వాత నెమ్మదిగా అంది: "నీకోసం యాడిదే? ఆ పొద్దు లోపల్నించి ఎవరో నా సెయ్యి తట్టినారు. గేటుకాడ ఉండేదాన్ని, తడితే పలకొద్దా?"

ఆమె చెప్పి పంపితేనే ఆ ఊరి మిల్లు గేటు దగ్గర నాకు సోదా పని దొరికింది. బతుకంతా ఆ పనిలోనే గడిచింది. దొంగలను పట్టుకున్నాను, శాపనార్థాలూ తిన్నాను. ఈరక్క పోయి చాలా కాలమైంది. కానీ ఎంత వరస ఉన్నా, పైవాళ్ళు ఎంత తొందరపెట్టినా, ఎవరి మీద చెయ్యి వేసినా ఒక్క క్షణం ఆగేదాన్ని. లోపలి మనిషి ఏమైనా చెబుతుందేమోనని వినేదాన్ని.