ఎండాకాలంలో కారిన శ్లాబు

2022 ఏప్రిల్. నరసరావుపేట రోడ్డు మీద మా హార్డ్‌వేర్ కొట్టు. సిమెంటు, పైపులు, రంగులు, మేకులు అమ్ముతాను. కొట్టు పెట్టకముందు మా ఆయన వెంట తాపీ పనికి వెళ్లి ఇటుకలూ సిమెంటు తట్టలూ మోసినదాన్ని. అక్షరాలు నలభై దాటాక వచ్చాయి. అవీ డబ్బాల మీద ఏం రాసుందో కొనేవాళ్లు అడుగుతుంటే చెప్పలేక నేర్చుకున్నవి. కాబట్టి ఇక్కడ సొగసులు వెతక్కండి. శ్లాబు కారడం గురించి చెబుతాను, అది మాత్రం నాకు తెలుసు.

ఇంటి రిపేరు తామే చేసుకుందామని ఈమధ్య చాలామంది వస్తున్నారు. ఫోన్లో వీడియో చూస్తారు, కౌంటరు ముందుకొచ్చి డబ్బా పేరు చెబుతారు. తప్పేం లేదు. చేతులున్నాయి, చేసుకోండి. వెంకటప్పయ్య కూడా అలాగే వచ్చాడు. మిరప రైతు. మోకాళ్లు అరిగిపోయాక పొలం కౌలుకిచ్చేసి, భార్య నాగరత్నంతో ఊళ్లో డాబా ఇంట్లో ఉంటున్నాడు. నన్ను అక్కా అంటాడు. పనిలేక చేతులు దురదపెట్టే రకం.

"అక్కా, శ్లాబు కారతంది. మధ్యాహ్నం అన్నం తిని కునుకు తీద్దామంటే సరిగ్గా పొట్ట మీద పడతంది బొట్టు. వాటర్‌ప్రూఫ్ కోటింగ్ ఇవ్వు" అన్నాడు.

వాటర్‌ప్రూఫ్ కోటింగ్ అంటే డాబా మీద వేసే చిక్కటి తెల్లరంగు లాంటిది. ఆరాక రబ్బరులా సాగి, నీళ్లు దిగకుండా ఆపుతుంది.

"ఏప్రిల్లో వానేదయ్యా కారడానికి?" అన్నాను.

"పోయిన వానాకాలం తాగిన నీళ్లు ఇప్పుడు కక్కతంది."

"శ్లాబేమన్నా గేదెనా, తాగి నెమరెయ్యడానికి? ట్యాంకు పైపు చూశావా?"

"ట్యాంకు అవతలి గది మీద. మనది ఇవతల. నువ్వు డబ్బా ఇస్తావా, పక్క కొట్టుకి పోనా?"

కొనడానికి వచ్చినవాణ్ణి వెనక్కి పంపడానికి కొట్టు పెట్టలేదు నేను. పెద్ద బకెట్టు ఇచ్చాను. ఎలా వెయ్యాలో కూడా చెప్పాను. ముందు డాబా అంతా కడిగి, తడిగా ఉన్నప్పుడే వైర్ బ్రష్‌తో పాచీ మట్టీ గీకాలి. ఎండనివ్వాలి. పగుళ్లలో క్రాక్ ఫిల్లర్ కూరాలి, అది ముద్దలా ఉండే మందు. అది ఆరాక ఒక చేయి, అంటే ఒక పూత, నిలువుగా, అదీ ఆరాక ఇంకో చేయి అడ్డంగా వెయ్యాలి. "తడిపి గీకు" అని రెండుసార్లు చెప్పాను.

తడపలేదు. పొడిగా గీకాడు. ఆ డాబా మీద ఏటా నాగరత్నం కారానికి మిరపకాయలు ఆరబెడుతుంది. ఎన్నేళ్ల గింజలో, ఎన్నేళ్ల పొట్టో ఆ గచ్చు గరుకులో ఇరుక్కుని ఉంది. వైర్ బ్రష్ తగిలేసరికి అదంతా లేచి గాలికి వీధిలోకి దిగింది. ఆ పూట ఆ వీధిలో ముక్కు చీదని మనిషి లేడు. పెళ్లి శుభలేఖ ఇవ్వడానికి వచ్చిన ఎవరో పెద్దమనిషి గుమ్మంలో నిలబడి వలవలా ఏడుస్తుంటే, ఇంట్లో ఎవరైనా పోయారేమోనని జనం పోగయ్యారట.

ఇది నవ్వుకోవడానికి బాగానే ఉంది. కొన్నాళ్ల తర్వాత జరిగింది మాత్రం నాకు నవ్వు తెప్పించలేదు.

పొద్దున్నే కొట్టు నిండా జనం. పెయింటర్లు, మేస్త్రీలు, చీమకుర్తి గ్రానైటు రాయి కోసే బ్లేడు కోసం వచ్చిన కుర్రాళ్లు. వెంకటప్పయ్య ఖాళీ బకెట్టు తెచ్చి కౌంటరు మీద ధనామని పెట్టాడు.

"డూప్లికేట్ సరుకు అమ్ముతున్నావా అక్కా? వెయ్యకముందు బొట్టు పడేది. ఏసినాక ధార కడతంది!"

పెయింటర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మా వ్యాపారంలో సరుకు పాతదంటే ఊరుకుంటారు, రేటు ఎక్కువంటే బేరమాడతారు. డూప్లికేట్ అన్న మాట ఒక్కసారి బజార్న పడితే ఆ పెయింటర్లు మళ్లీ నా గుమ్మం తొక్కరు.

"పద. నేనొచ్చి చూస్తా. సరుకుదే తప్పయితే ఈ కౌంటరు మీదే ఇంకో బకెట్టు పెట్టి ఇస్తా. కాకపోతే ఇదే జనం ముందు ఆ మాట వెనక్కి తీసుకోవాల" అన్నాను. ఖాళీ బకెట్టుతో సహా అతని మోపెడ్ వెనక ఎక్కాను.

ఇంట్లో మొగుడూ పెళ్లాలకు మాటల్లేవు. నాగరత్నం నా ద్వారా మాట్లాడింది.

"అక్కా, మీ తమ్ముడికి చెప్పు. గది నిండా గిన్నెలు పెట్టాను. ఇంక వండుకోడానికి గిన్నెల్లేవు."

"మీ మరదలికి చెప్పక్కా. మంచం కిందా గిన్నే, మంచం మీదా గిన్నే. నేనెక్కడ పడుకోవాల?"

డాబా ఎక్కాను. నిజం చెప్పాలి, పని శుభ్రంగా చేశాడు. పిట్టగోడ దాకా తెల్లగా మెరుస్తోంది, ఎక్కడా బ్రష్ గీత కూడా లేదు. ఒక్క మూల తప్ప. అక్కడ గచ్చూ పిట్టగోడా కలిసే చోట, పగులులోంచి నడుమెత్తు మిరప మొక్క లేచింది. పచ్చగా, నిండా కాయలతో ఉంది. దాని చుట్టూ కోటింగ్ వెయ్యకుండా గుండ్రంగా జాగా వదిలాడు. అక్కడితో ఆగాడా? ఆ జాగా చుట్టూ సిమెంటుతో గట్టు పోసి పాదు కట్టాడు. పాదు నిండా బియ్యం కడిగిన నీళ్లు.

వంగి పాదులో వేలు ముంచి చూశాను.

"ఇదేంది వెంకటప్పయ్యా?"

"మిరప చెట్టక్కా. ఆరబెట్టినప్పుడు గింజ పడి దానంతటదే మొలిచింది."

"అది కనపడతంది. ఈ పాదేంది?"

"పోసిన నీళ్లు నీ కోటింగ్ మీద జారి పోతన్నాయి. మొదట్లో నిలవొద్దా మరి?"

"నిలిచి ఎక్కడికి పోతన్నాయి?"

అతను పాదు వంక చూశాడు. తర్వాత నా వంక చూశాడు. నాగరత్నమే అందుకుంది.

"రోజూ పొద్దున్నే నేనే పోస్తానక్కా. ఎండకి వాడిపోతదని ఈమధ్య రెండు బిందెలు పోస్తన్నా."

పొద్దున పోసిన నీళ్లు పగుల్లోంచి దిగి, శ్లాబు లోపల వాలు ఎటుంటే అటు పాకి, మధ్యాహ్నానికి ఆయన పొట్ట మీద తేలుతున్నాయి. కింద చుక్క పడే చోటుకి సరిగ్గా పైన పగులు ఉండాలని లేదు. అందుకే మంచానికి నేరుగా పైనున్న గచ్చంతా వెతికారు గానీ మూలన మొక్కని అనుమానించలేదు. అసలు మా వైపు మనిషెవడూ కాపు మీదున్న మిరప చెట్టుని అనుమానించడు.

"పీకెయ్యాల" అన్నాను.

"కాపు మీదున్న చెట్టుని పీకతామా?" ఇద్దరూ ఒక్కసారే అన్నారు. అన్నాక, గొంతులు కలిసినందుకు ఇద్దరూ మొహాలు తిప్పుకున్నారు.

"నా వల్ల కాదక్కా. పొలం కౌలుకిచ్చాక నా చేత్తో పాదు కట్టింది దీనికొక్కదానికే" అన్నాడు వెంకటప్పయ్య, నేల చూస్తూ.

"పోనీ ఆయన మంచం జరుపుకోవచ్చుగా" అంది నాగరత్నం.

మాటలతో అయ్యే పని కాదని ఇద్దర్నీ కిందికి తీసుకెళ్లాను. పొడుగు కర్ర ఉన్న చీపురు అడిగి తిరగేసి పట్టుకున్నాను. ఇది ఎవరైనా ఇంట్లో చేసుకోదగ్గ పరీక్ష. కర్రతో శ్లాబు అడుగున తడుతూ రావాలి, తట్టేచోటికి కాస్త ఎడంగా నిలబడి. గట్టిగా ఉన్నచోట టకటకమంటుంది. డొల్లగా మోగిందంటే లోపల ఇనుప చువ్వ తుప్పు పట్టి ఉబ్బి, సిమెంటుని కిందికి తోస్తోందని అర్థం. గోడ దగ్గర టకటక. కిటికీ దగ్గర టకటక. మంచం పైకి వచ్చేసరికి ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు మోగింది. ఇంకోసారి తట్టాను.

పెచ్చు ఊడి దిండు మీద పడింది. పళ్లెమంత పెచ్చు. దిండు మధ్యలోకి దిగబడిపోయింది.

సరిగ్గా తల ఆని గుంటపడిన చోటే పడింది. నాగరత్నం దిండు వంకా మొగుడి తల వంకా మార్చి మార్చి చూసింది. గోడకి ఆనించిన గునపం తీసుకుని డాబా ఎక్కింది. మేము వెళ్లేసరికి పాదు గట్టు పగిలిపోయింది. మొక్క మొదట్లో వేళ్లు పెట్టి, పసిపిల్ల జుట్టులో చిక్కు తీసినట్టు వేరు వదిలిస్తోంది. పగుల్లోంచి వేరు వస్తూనే ఉంది, తాడులాగా.

"నిలబడి చూస్తావేంది, ఆ బకెట్టు పట్రా" అంది. నాతో కాదు, ఆయనతో.

వెంకటప్పయ్య పరుగెత్తాడు. మోకాళ్లు అరిగిన మనిషి అలా మెట్లు దిగడం నేను చూడలేదు. నా కౌంటరు మీద ధనామని పెట్టిన బకెట్టే తెచ్చాడు. మొక్కని మట్టితో సహా అందులో నాటారు.

తర్వాత పని చెబుతాను, పనికొచ్చేవాళ్లుంటారు. పగులుని కాస్త వెడల్పు చేసి, మట్టీ వేరుముక్కలూ ఊడ్చి, ఎండబెట్టాం. ఫిల్లర్ కూరి, మూల పొడవునా సిమెంటుతో గుండ్రటి వాలు తీయించాను. అలా చేస్తే మూలన నీళ్లు ఆగవు. దాని మీద ఫైబర్ మెష్, అంటే దోమతెర లాంటి గుడ్డ, పరిచి వెంకటప్పయ్యే కోటింగ్ రెండు చేతులు వేశాడు. ఆరాక మూల చుట్టూ బంకమట్టి గట్టు పెట్టి నీళ్లు నిలబెట్టి చూశాం. కింద చుక్క పడలేదు. ఊడిన పెచ్చు పని మాత్రం అతన్ని ముట్టనివ్వలేదు, మేస్త్రీని పిలిపించాను. తల మీద ఉండే బరువుతో సొంత ప్రయోగాలు వద్దు.

పనంతా అయిన మర్నాడు కొట్టుకొచ్చి పెయింటర్ల ముందు నిలబడ్డాడు. "సరుకు మంచిదేనయ్యా" అని గబగబా అనేసి, వెంటనే నా వైపు తిరిగాడు.

"చెట్టు వాడిపోతందక్కా. బకెట్లో నీళ్లు నిలబడిపోయినయ్."

"అడుగున బొక్కలు పెట్టలేదా?"

"పెడితే కారిపోవూ?"

"కారాలయ్యా. నీళ్లు నిలిస్తే వేరు కుళ్లదా? రైతువి, నీకు నేను చెప్పాలా?"

"ఇన్నాళ్లూ కారకూడదు, కారకూడదని నాతో డాబా అంతా పాకించావు. ఇప్పుడేమో కారాలంటున్నావు. ఒక మాట మీద నిలబడక్కా!"

పెయింటర్లు పగలబడి నవ్వారు. బొక్కలు నేనే డ్రిల్లుతో వేసిచ్చాను, బకెట్టు పెరట్లోనే ఉంచాలని ఒట్టు వేయించుకుని. మొక్క ఆకులన్నీ రాల్చేసి, మళ్లీ చిగురేసింది.

అప్పట్నుంచి శ్లాబు కారుతోందని ఎవరొచ్చినా ఏ డబ్బా కావాలని నేను ముందు అడగను. "డాబా మీద ఏం కాస్తోంది?" అంటాను. కొత్తవాళ్లు ముసల్దానికి చాదస్తమనుకుంటారు. అనుకోనీ. మొన్నొకాయన మాత్రం గొంతు తగ్గించి, "సొరపాదండీ. దానికీ దీనికీ సంబంధం ఏంటండీ?" అన్నాడు.

డబ్బా తీయలేదు. చీపురు తీసుకుని లేచాను.